బైపాస్ తర్వాత మంచం పక్కన ఉండే మనిషికి: నా అనుభవం

గుండెకి బైపాస్ ఆపరేషన్ అయిన మనిషి చుట్టూ చేరిన ఆత్మీయులందరి నోటా ఒకటే మాట: "కదలకు, పడుకో, మాట్లాడకు." మా నాన్నగారి దగ్గర ఉన్నన్నాళ్లూ వార్డులో పక్క మంచాల దగ్గర కూడా ఇదే విన్నాను. ప్రేమతో అనే మాటే, కానీ కోలుకోవడానికి అడ్డుపడే మాట. ఆపరేషన్ తర్వాతి వారంలో ఇబ్బంది పెట్టేవాటిలో చాలా భాగం గుండెకి సంబంధించినవి కావు. ఊపిరితిత్తుల అడుగున పేరుకునే తెమడ, వాచిన కాలు, కదలని పొట్ట, తగ్గిన ఆకలి. వీటిలో ఎక్కువ వాటికి మందు లేచి కూర్చోవడం, దగ్గడం, నడవడం. సర్జన్ పని థియేటర్లో అయిపోతుంది. మిగిలింది సిస్టర్లు, ఫిజియోథెరపిస్టు, పక్కనుండే మనిషి కలిసి చేయాలి. వీళ్లలో ఏ శిక్షణా లేకుండా వచ్చేది పక్కనుండే మనిషి ఒక్కరే.

ముందుగా ఐసీయూ. మొదటిసారి లోపలికి పంపినప్పుడు ఏం కనిపిస్తుందో తెలిసి ఉంటే కాళ్లు వణకవు. నోట్లో వెంటిలేటర్ గొట్టం, మెడ పక్కన మందులు ఎక్కించే సెంట్రల్ లైన్, మణికట్టులో బీపీ కోసం పెట్టిన ఆర్టరీ లైన్, పక్కటెముకల కింద నుంచి వచ్చే, లోపలి రక్తం, నీరు బయటికి తీసే రెండు మూడు డ్రెయిన్ గొట్టాలు, యూరిన్ గొట్టం. వీటితోపాటు పొట్ట పైభాగంలో చర్మంలోంచి దారాల్లాంటి సన్నని తీగలు బయటికి వస్తాయి. గుండె వేగం మరీ తగ్గితే తాత్కాలికంగా పేసింగ్ ఇవ్వడానికి, అంటే కరెంటుతో గుండెని కొట్టించడానికి అవి. ముఖం ఉబ్బి, ఒళ్లు చల్లగా, పాలిపోయి ఉంటుంది. మత్తులో గొట్టం పీకేసుకోకుండా చేతులు మెత్తని గుడ్డతో కట్టి ఉంచవచ్చు. ఇవన్నీ మామూలే. వెంటిలేటర్ చాలామందికి అదే రాత్రి కానీ మర్నాడు ఉదయం కానీ తీస్తారు. తీశాక గొంతు ఒకటి రెండు రోజులు బొంగురుపోతుంది. అప్పుడే నీళ్లు పట్టకూడదు. మింగడం సరిగా ఉందని చూసుకుని సిస్టర్లే మొదటి గుక్క ఇస్తారు.

ఐసీయూ కౌన్సెలింగ్‌లో డాక్టరు రోజుకోసారి కలిసి రెండు మూడు నిమిషాలు మాట్లాడతారు. "ఎలా ఉన్నారు?" అంటే "స్టేబుల్" అన్న ఒక్క మాటే వస్తుంది. వివరం కావాలంటే వివరంగా అడగాలి. వెంటిలేటర్ ఎన్నింటికి తీశారు, బీపీ మందులు డ్రిప్‌లో ఇంకా నడుస్తున్నాయా, డ్రెయిన్‌లో 24 గంటల్లో ఎన్ని మిల్లీలీటర్లు వచ్చింది, యూరిన్ గంటకి ఎంత, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఆపరేషన్ ముందు ఎంత, ఇప్పుడెంత, షుగర్ ఎంతలో ఉంది. యూరిన్‌కి ఒక లెక్క ఉంది: ఒంటి బరువు కిలోకి గంటకి అర మిల్లీలీటరు. అంటే 60 కిలోల మనిషికి గంటకి 30 మిల్లీలీటర్లకు తగ్గకూడదు. షుగర్ 180 దాటకుండా చూస్తారు. ఇంట్లో మాత్రలతో సరిపెట్టుకునేవాళ్లకి కూడా ఇక్కడ ఇన్సులిన్ పెడతారు. "షుగర్ ముదిరిపోయిందా" అని కంగారు పడక్కర్లేదు. ఆపరేషన్ ఒత్తిడికి షుగర్ పెరుగుతుంది, పెరిగితే గాయం మానదు, అందుకే.

ఐసీయూలోకి సామాన్లు రానివ్వరు కానీ కళ్లజోడు, చెవి మిషను, కట్టుడు పళ్లు మాత్రం పేరు రాసిన చిన్న డబ్బాలో పెట్టి, మెలకువ వచ్చాక అందేలా సిస్టర్‌కి అప్పజెప్పండి. ఇది చిన్న విషయం కాదు. అరవై ఐదు, డెబ్బై దాటినవాళ్లలో చాలామందికి ఆపరేషన్ తర్వాత రెండు మూడు రోజులు మతి కుదురుగా ఉండదు. పగలూ రాత్రీ తెలియని లైట్లు, మానిటర్ల మోత, నిద్రలేమి, నొప్పి మందులు అన్నీ కలిసి మనిషిని తికమక పెడతాయి. ఎవరో చంపడానికి వచ్చారంటారు, చనిపోయిన అన్నగారిని పిలుస్తారు, గొట్టాలు లాగుతారు, కన్నకొడుకుని గుర్తుపట్టరు. డాక్టర్లు దీన్ని డెలీరియం అంటారు. ఎక్కువమందికి కొద్దిరోజుల్లో తగ్గిపోతుంది. వాదించకండి, గద్దించకండి. "నేను పలానా, ఇది హాస్పిటలు, ఆపరేషన్ బాగా అయింది, ఈరోజు మంగళవారం" అని మెల్లిగా చెబుతూ ఉండండి. కళ్లజోడు పెట్టండి, పగలు కిటికీ తెర తీయండి, రాత్రి లైటు తగ్గించమనండి. ఒకవేళ ఉన్నట్టుండి మాట తడబడినా, మూతి వంకర పోయినా, ఒక చెయ్యి లేవకపోయినా అది డెలీరియం కాదు, పక్షవాతం కావచ్చు. ఆ నిమిషమే డాక్టర్ని పిలవాలి.

వార్డుకి వచ్చాక అసలు పని మొదలవుతుంది. నేనైతే ఒక నోట్‌బుక్ పెట్టమంటాను. తాగిన నీళ్లు, వచ్చిన యూరిన్, తిన్నది, జ్వరం, విరోచనం, నడిచిన దూరం, నొప్పి మందు ఇచ్చిన సమయం, డాక్టరు రౌండ్స్‌లో చెప్పింది. పగలు ఒకరు, రాత్రి ఒకరు ఉండే ఇంట్లో ఈ పుస్తకమే ఒకరి నుంచి ఇంకొకరికి పని అప్పజెప్పేది. రౌండ్స్ సాధారణంగా ఉదయాన్నే అయిపోతాయి. అడగాల్సినవి ముందు రాత్రే రాసుకుంటే ఆ నాలుగు నిమిషాలు వృథా కావు.

ఊపిరి విషయం దగ్గర ఎక్కువసేపు ఆగాలి. రొమ్ము ఎముకని నిలువుగా కోసి, లోపల పని పూర్తయ్యాక స్టీలు తీగలతో కట్టి మూస్తారు. ఊపిరి నిండా పీలిస్తే అక్కడ నొప్పి. అందుకని మనిషి పైపైన పీలుస్తాడు. అలా చేస్తే ఊపిరితిత్తుల అడుగుభాగం, ముఖ్యంగా ఎడమవైపు, ముడుచుకుపోతుంది. తెమడ అక్కడే ఉండిపోతుంది, అది నిమోనియాకి దారితీస్తుంది. దీన్ని ఆపడానికే మూడు బంతుల స్పైరోమీటర్ ఇస్తారు. దాన్ని చాలామంది ఊదుతారు. ఊదడానికి కాదు, పీల్చడానికి. మంచం తల వైపు బాగా ఎత్తి కానీ, కుర్చీలో కానీ నిటారుగా కూర్చోబెట్టండి. మామూలుగా ఊపిరి వదిలేసి, పెదాలు గొట్టం చుట్టూ బిగించి, మెల్లిగా లాగాలి. బంతి పైకి లేచాక రెండు మూడు సెకన్లు అక్కడే నిలపాలి. ఒక్క కుదుపున మూడు బంతులూ ఎగరేసి చూపించడం కంటే, ఒకటీ రెండూ నిలిపి ఉంచడం మేలు. మెలకువగా ఉన్నంతసేపూ గంటకి పదిసార్లు. వరసగా పది లాగితే కళ్లు తిరుగుతాయి, మధ్యలో ఆగుతూ చేయించండి. తర్వాత దగ్గించాలి. చిన్న దిండునో, మడిచిన టవల్‌నో ఛాతీకి రెండు చేతులా గట్టిగా అదుముకుని దగ్గితే ఎముక కదలదు, నొప్పి సగం తగ్గుతుంది. "దగ్గితే కుట్లు ఊడిపోతాయి" అని ఆపే బంధువులు వస్తారు. అదుముకుని దగ్గితే ఊడవు.

దగ్గాలన్నా నడవాలన్నా నొప్పి అదుపులో ఉండాలి. ఫిజియోథెరపిస్టు వచ్చే అరగంట ముందు నొప్పి మాత్ర పడేలా సిస్టర్‌తో మాట్లాడుకోండి. "మందులు ఎక్కువైతే మంచిది కాదు" అని పళ్లు బిగించి ఓర్చుకునే పెద్దవాళ్లు ఊపిరి పీల్చరు, దగ్గరు, లేవరు. అలాగని బయటి నుంచి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి తెచ్చి ఇవ్వకండి. బైపాస్ అయిన కొత్తలో అవి గుండెకీ కిడ్నీకీ కూడా ప్రమాదం.

లేపడానికి ఒక పద్ధతి ఉంది, దాన్ని మొదటిరోజే ఫిజియోథెరపిస్టు దగ్గర చూసి నేర్చుకోవాలి. చేతులు పట్టుకుని లాగకూడదు, చంకల్లో చేతులు పెట్టి ఎత్తకూడదు. రెండూ రొమ్ము ఎముకని విడదీసేలా లాగుతాయి. దిండు హత్తుకోమని చెప్పి, మోకాళ్లు మడిపించి, ఒళ్లంతా ఒకేసారి పక్కకి ఒత్తిగిలించాలి. కాళ్లు మంచం అంచు నుంచి కిందికి జారుతుండగా మన అరచెయ్యి వీపు వెనక, భుజాల మధ్య పెట్టి పైకి తేవాలి. కూర్చున్నాక ఒకటి రెండు నిమిషాలు అలాగే ఉంచండి. బీపీ పడిపోయి కళ్లు తిరిగేది అప్పుడే. కుర్చీలోంచి లేచేటప్పుడు చేతుల మీద బరువు వేయకుండా ముందుకి జరిగి తొడల బలంతో లేవాలి. అందుకే కుర్చీ ఎత్తుగా, గట్టిగా ఉండాలి. మెత్తటి సోఫా, నేల మీద బాసింపట్టు, ఇండియన్ టాయిలెట్ కొన్నివారాల దాకా కుదరవు. ఇంట్లో వెస్టర్న్ కమోడ్ లేకపోతే డిశ్చార్జికి ముందే కమోడ్ కుర్చీ తెచ్చిపెట్టుకోండి.

డ్రెయిన్ గొట్టాలు ఉన్నప్పుడూ నడిపిస్తారు. డబ్బా ఎప్పుడూ ఛాతీ కంటే కింద ఉండాలి. పైకెత్తితే లోపలి ద్రవం తిరిగి ఛాతీలోకి పోతుంది. గొట్టం మడత పడకుండా, మంచం కమ్మీకి తగులుకోకుండా చూడండి. మొదట ఎర్రగా వచ్చేది రోజురోజుకీ పలచబడి గడ్డి రంగుకి రావాలి. పలచబడినది మళ్లీ చిక్కని ఎరుపుకి మారినా, బాగా వస్తున్నది ఉన్నట్టుండి ఆగిపోయి మనిషి నీరసపడి బీపీ తగ్గుతున్నా వెంటనే చెప్పాలి. రెండోదే ఎక్కువ ప్రమాదం: గొట్టంలో రక్తం గడ్డకట్టి అడ్డుపడితే, బయటికి రావాల్సింది గుండె చుట్టూ చేరి దాన్ని నొక్కేస్తుంది. యూరిన్ గొట్టం తీశాక ఆరు నుంచి ఎనిమిది గంటల్లో మూత్రం రావాలి. ప్రోస్టేట్ వాపున్న మగవాళ్లకి రాకపోవచ్చు, పొత్తికడుపు ఉబ్బుతుంది. "కాసేపు చూద్దాం" అనుకోకుండా సిస్టర్‌కి చెప్పండి.

రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల ఇంకో గండం ఉంది. అంతా బాగుందనుకుంటుండగా మానిటర్ మీద గుండె వేగం 80 నుంచి 130కి, 140కి ఎగురుతుంది, లయ తప్పి పడుతుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. బైపాస్ అయినవాళ్లలో ముగ్గురు నలుగురికి ఒకరికి వస్తుంది. గుండె పై గదులు ఆపరేషన్ వల్ల రేగి ఉండటం, ఒంట్లో నీరు చేరడం, పొటాషియం, మెగ్నీషియం తగ్గడం దీనికి కారణాలు. కొందరికి దడ తెలుస్తుంది, కొందరికి ఉత్త నీరసం, చెమట. ఆపరేషన్ చెడిపోయినట్టు కాదు. పొటాషియం సరిచేసి, అమియోడరోన్ లాంటి మందు ఇస్తే చాలామందికి ఒకటి రెండు రోజుల్లో లయ కుదురుతుంది. వైద్యం మాత్రం ఆలస్యం కాకూడదు. లయ తప్పి ఎక్కువసేపు ఉంటే గుండెలో రక్తం గడ్డలు కట్టే ప్రమాదం ఉంది.

కాలి సంగతి ముందుగా ఎవరూ చెప్పరు. గుండెకి కొత్త దారి వేయడానికి ఛాతీ లోపలి ధమనితో పాటు కాలి సిరని వాడతారు. 1960ల చివర అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో రెనే ఫవలోరో అనే సర్జన్ ఈ పద్ధతిని స్థిరపరిచినప్పటి నుంచి అదే సిర. దాంతో చీలమండ దగ్గర మొదలై కొందరికి తొడ దాకా కోత ఉంటుంది. చాలామంది రోగులు ఛాతీ గాయం కంటే కాలి గాయంతోనే ఎక్కువ రోజులు అవస్థ పడతారు. కూర్చున్నప్పుడల్లా కాలిని స్టూలు మీద తుంటి ఎత్తుకి చాపి ఉంచాలి, కాలు మీద కాలు వేయకూడదు, నడిచేటప్పుడు చెప్పిన స్టాకింగ్ కానీ క్రెప్ బ్యాండేజ్ కానీ పాదం నుంచి పైకి చుట్టాలి. నీరులా కొద్దిగా ఊరడం మామూలే. చీము, దుర్వాసన, చుట్టూ ఎర్రగా వేడెక్కడం మామూలు కాదు. చీలమండ లోపలివైపు మొద్దుబారడం, ఛాతీ ఎడమపక్క తిమ్మిరి నెలల తరబడి ఉంటాయి. చర్మపు నరాలు తెగినందువల్ల వచ్చేవి అవి.

ఇక తిండి. మన ఇళ్లలో ఆపరేషన్ అయినవాళ్లకి పప్పు పెడితే చీము పడుతుందని, గుడ్డు వేడి చేస్తుందని, చేపలు వద్దని చారన్నం మీద పెడతారు. గాయం మానడానికి, ఎముక అతకడానికి కావలసిందే మాంసకృత్తులు, పథ్యం పేరుతో సరిగ్గా వాటినే తీసేస్తున్నాం. డాక్టరో డైటీషియనో ప్రత్యేకంగా వద్దంటే తప్ప కట్టుపప్పు, పెసరట్టు, ఉడికించిన గుడ్డు తెల్లసొన, చేప పులుసు, పెరుగు అన్నీ పెట్టవచ్చు. తగ్గించాల్సినవి ఉప్పు, పచ్చళ్లు, అప్పడాలు, వేపుళ్లు. ఆకలి లేకపోవడం, నోరు ఇనుములా ఉండటం కొన్నివారాలు సాగుతుంది. పెద్ద కంచం పెట్టి బతిమాలే బదులు రెండు మూడు గంటలకోసారి కొంచెం పెట్టండి. నీళ్లకి పరిమితి ఉంటే మజ్జిగ, చారు, కాఫీ కూడా ఆ లెక్కలోనే. చూడ్డానికి వచ్చేవాళ్లు తెచ్చే కొబ్బరి బోండాంలు అడగకుండా తాగించకండి. వాటిలో పొటాషియం ఎక్కువ, కిడ్నీ మందగించినవాళ్లకి అది పేరుకుపోతుంది. చూడ్డానికి వచ్చేవాళ్ల గురించి కూడా నాకు గట్టి అభిప్రాయమే ఉంది. దగ్గు, జలుబు ఉన్నవాళ్లు గదిలోకి రాకూడదు. మిగతావాళ్లు పది నిమిషాల్లో లేవాలి. మొహమాటపడకండి, ఫోన్లోనే చెప్పేయండి.

మూడు నాలుగు రోజులైనా విరోచనం కాకపోవడం దాదాపు అందరికీ ఉంటుంది. నొప్పి మందులు, కదలిక లేకపోవడం, ఐరన్ మాత్రలు కారణం. ముక్కితే గుండె మీదా ఎముక మీదా ఒత్తిడి పడుతుంది. అందుకే రెండో రోజే లాక్టులోజ్ లాంటి విరోచనం మందు రాయమని అడగండి.

ఆపరేషన్ సమయంలో ఎక్కించిన నీరంతా ఒంట్లో చేరి బరువు రెండు మూడు కిలోలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పెరుగుతుంది. నీరు తీసే మందుతో అది దిగాలి. రోజూ ఉదయం మూత్రానికి వెళ్లి వచ్చాక, ఏమీ తినకముందు, ఒకేలాంటి బట్టలతో బరువు చూసి నోట్‌బుక్‌లో రాయండి. ఇంటికి వచ్చాక కూడా ఇది మానొద్దు. ఒక్కరోజులో కిలో దాకా, వారంలో రెండు కిలోల పైన పెరిగితే నీరు మళ్లీ చేరుతోందని.

బట్టల మాట ఒకటి. తల మీంచి వేసుకునే బనీన్లు వద్దు, ముందు గుండీలున్న చొక్కాలు, వెనక పట్టీ ఉన్న చెప్పులు తీసుకెళ్లండి. ఆడవాళ్లకి ముందువైపు హుక్కులున్న, ఆసరా ఇచ్చే లోదుస్తులు తప్పనిసరి. రొమ్ముల బరువు కోతని రెండువైపులా లాగి, కింది భాగంలో గాయం విచ్చుకుంటుంది. చెప్పడానికి మొహమాటపడి చాలాచోట్ల ఈ ముక్క దాటేస్తారు.

సాధారణంగా వారం అటూ ఇటూగా ఇంటికి పంపుతారు. పేసింగ్ తీగలు దానికి ముందు తీస్తారు. తీశాక కొంతసేపు మంచం మీదే ఉంచి బీపీ చూస్తారు, అప్పుడు బాత్రూంకి తీసుకెళ్లకండి. డిశ్చార్జి రోజు ఇన్సూరెన్సు ఆమోదం వచ్చేసరికి సాయంత్రం అవుతుంది, మధ్యాహ్నం భోజనం, మందులు చూసుకోండి. ప్రభుత్వ పథకం కింద చేరినవాళ్లు, అంటే తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ, హాస్పిటల్లోనే ఉండే పథకం ప్రతినిధిని (ఆరోగ్యమిత్రని) కలిసి ఇంటికిచ్చే మందులు, మళ్లీ చూపించుకునే తేదీ గురించి అడగాలి.

డిశ్చార్జి సమ్మరీని అక్కడే కూర్చుని చదవండి. ఎన్ని గ్రాఫ్టులు (గుండెకి కొత్త దారులు) వేశారు, ఎకో అనే గుండె స్కాన్‌లో పంపింగ్ శాతం ఎంత, ఆఖరి హిమోగ్లోబిన్, క్రియాటినిన్, కాలి కుట్లు ఏ రోజు తీయాలి, రాత్రివేళ ఎవరికి ఫోన్ చేయాలి. తర్వాత ఇంట్లో ఉన్న పాత మందుల డబ్బా తీసి కొత్త చీటీ పక్కన పెట్టండి. ఇక్కడే పెద్ద పొరపాట్లు జరుగుతాయి. పాత బీపీ మాత్ర, కొత్త మాత్ర వేర్వేరు కంపెనీ పేర్లతో ఉన్నా లోపల రెండూ మెటోప్రొలాలే కావచ్చు. రెండూ వేసుకుంటే నాడి 45కి పడిపోయి మనిషి కూలబడతాడు. పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు సరిచూడాలి. ఆపేసిన మందుల్ని ఇంట్లోంచే తీసేయండి.

కారులో వెనక సీట్లో కూర్చోబెట్టి, సీటు బెల్టుకీ ఛాతీకీ మధ్య దిండు పెట్టండి. ఊరు దూరమైతే గంటకోసారి దించి నాలుగడుగులు వేయించండి. ఇంటి దగ్గర గాయానికి పసుపు, కొబ్బరినూనె, పౌడరు ఏవీ రాయకూడదు. డాక్టరు స్నానం చేయవచ్చన్నాక సబ్బు నీళ్లు పైనుంచి జారనిచ్చి, రుద్దకుండా అద్ది ఆరబెడితే చాలు. నడక ఐదు నిమిషాలతో మొదలుపెట్టి, రోజుకి రెండు మూడుసార్లు, మెల్లిగా పెంచాలి. నడుస్తూ మాట్లాడగలిగితే వేగం సరిపోయిందని. రొమ్ము ఎముక గట్టిపడటానికి రెండు మూడు నెలలు పడుతుంది. అందాకా బిందె, గ్యాస్ సిలిండరు, మనవడు ఎవర్నీ ఎత్తకూడదు. రెండు మూడు కిలోలే హద్దు. స్కూటరు డాక్టరు సరేనన్నాకే. ఎముక దగ్గర టిక్కుమని శబ్దం, కదిలినట్టు ఉండటం, 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, వెల్లకిలా పడుకుంటే ఆయాసం, ఒక్క పిక్కలోనే నొప్పీ వాపూ, నల్లటి విరోచనం వీటిలో ఏది కనిపించినా తేదీ దాకా ఆగక్కర్లేదు. ఆయాసం ఉన్నట్టుండి వచ్చినా, స్పృహ తప్పినా 108.

మొదటి నెలలో ఊరికే కన్నీళ్లు పెట్టుకోవడం, విసుక్కోవడం, రాత్రి నిద్ర పట్టకపోవడం ఉంటాయి. ఇంటిపెద్దగా బతికిన మనిషికి తన స్నానానికి ఇంకొకరి చెయ్యి కావాల్సి రావడం కష్టమే. కొన్నివారాలకి తేలిక పడకపోతే, తిండీ మాటా మానేస్తే, డాక్టరుతో ఆ సంగతి కూడా చెప్పాలి. దానికీ వైద్యం ఉంది.

మొదటి రివ్యూకి నోట్‌బుక్, డిశ్చార్జి సమ్మరీ, వాడుతున్న మందుల అట్టలు, పాత యాంజియోగ్రామ్ సీడీ పట్టుకెళ్లండి. ఈసీజీ, ఎక్స్‌రే, అవసరమైతే ఎకో తీస్తారు. అక్కడ తప్పక అడగాల్సింది ఏ మందు ఎన్నాళ్లని. అమియోడరోన్, నీటి మాత్ర లాంటివి కొన్నాళ్లకి ఆపవచ్చు. ఆస్పిరిన్, కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ అలా కాదు. కాలి సిరతో వేసిన గ్రాఫ్టుల్లో కొన్ని మొదటి ఏడాదిలోనే మూసుకుపోయే అవకాశం ఉంది, దాన్ని తగ్గించేవి ఇవే. పన్ను పీకించుకోవడానికో, కంటి ఆపరేషన్‌కో వెళ్లినప్పుడు ఎవరైనా ఆస్పిరిన్ ఆపమంటే, ఆపే ముందు గుండె డాక్టరుకి ఫోన్ చేసి అడగండి.